శ్రావణ ఆదివారం, ఒకటే హాలు

కోదండపాణి మాస్టారికి ఒక అలవాటు ఉంది. 'ఏది మంచిది' అని ఎవరైనా అడిగితే ఆయన వెంటనే జవాబు చెప్పరు. కళ్లజోడు తీసి, రెండు అరచేతులతో కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోతారు. కొత్తవాళ్లు ఆయనకు తలనొప్పి వచ్చిందనుకుని ప్రశ్న వెనక్కి తీసుకుంటారు. పాతవాళ్లం ఎదురుచూస్తాం. ఉద్యోగమంతా కరెంటు బిల్లుల ప్రోగ్రాములు రాయడంలోనే గడిపి రిటైరైన మనిషి. విశాఖపట్నం అక్కయ్యపాలెంలో ఒక టైలరు దుకాణం పైగదిలో ఆదివారం పొద్దుట కూర్చుంటారు. ప్రోగ్రాములు రాసుకునే మాలాంటివాళ్లం కొందరం అక్కడికి చేరతాం. ఫీజు లేదు, పాఠమంటూ లేదు. ఎవరి చిక్కు వాళ్లు చెప్పుకుంటారు. ఆయన వింటారు. కింద కుట్టు మిషన్లు ఆగినప్పుడే ఆయన నోరు తెరుస్తారని మాలో ఒక హాస్యం ఉంది. ఈ మధ్య మిషన్లు ఆగినా ఆయన పెద్దగా మాట్లాడటం లేదు.

వైశాఖంలో ఒక ఆదివారం ఆ ప్రశ్న తెచ్చినవాడు లోహిత్. మధురవాడలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. సౌగంధిక ఫంక్షన్ హాళ్ల వెబ్‌సైటు నడిపేది వాళ్లే. ఊళ్లో ఏడు హాళ్లున్న ఆ సంస్థకు పెళ్లిళ్ల బుకింగులన్నీ ఆ సైటులోనే జరుగుతాయి. మామూలు రోజుల్లో అది బాగానే నడుస్తుంది. ఏదైనా మాసపు ముహూర్తాలకు బుకింగ్ తెరిచిన రోజున మాత్రం చతికిలబడుతుంది. అందుకని కంపెనీ యజమాని లోహిత్‌ను పిలిచి, రేపు ముప్పై హాళ్లయినా తట్టుకునేలా మొత్తం కొత్తగా రాయాలనీ, ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాయాలో వారం తర్వాతి సోమవారానికి తేల్చి చెప్పమనీ అన్నాడట. లోహిత్ ఊరికే రాలేదు. బుకింగు చేసే ముక్కను పీహెచ్‌పీలో, పైథాన్‌లో, జావాలో, గోలో నాలుగుసార్లు రాసి, వేలమంది ఒకేసారి నొక్కినట్టు ఒక్కోదాని మీదికి ఒకే ఉత్తుత్తి గుంపును వదిలి, సెకనుకు ఎంతమందిని దాటించగలదో పట్టిక వేసుకొచ్చాడు. గో అన్నిటికన్నా ముందుంది. జావా దాని వెనకే ఉంది. ఇప్పుడు వాళ్ల సైటు నడుస్తున్న పీహెచ్‌పీ, గోలో ఆరో వంతు దగ్గర ఆగిపోయింది. అంకెలు కనబడితే ఊరుకోలేను కనుక ఆ పట్టికను నేను తిరగేసి చూశాను. పరీక్ష నిజాయితీగా పెట్టాడు. తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు.

"మీరు ఒక్క మాటంటే చాలు మాస్టారూ. మీరు చెప్పారనే రాసి పంపిస్తాను" అన్నాడు లోహిత్.

మాస్టారు కళ్లజోడు తీశారు. అరచేతుల వెనకనుంచే మాట్లాడారు, ఎవరికో పాత సంగతి అప్పజెబుతున్నట్టు. ఆయన ఉద్యోగంలో చేరినప్పుడు కోబాల్ అనే భాష ఒక్కటి వస్తే జీవితానికి ఢోకా లేదన్నారట. కొన్నాళ్లకు దాన్ని తీసి ఫాక్స్‌ప్రో పెట్టారు, ఇక ఇదే అన్నారు. తర్వాత విజువల్ బేసిక్, ఆ తర్వాత జావా. ప్రతిసారీ అవే బిల్లులు, అవే మీటర్లు. ప్రతిసారీ ఎవరో ఒకరు పట్టిక పట్టుకొచ్చారు. ప్రతిసారీ పట్టిక నిజమే చెప్పింది. ప్రతిసారీ నెలాఖరున కౌంటరు దగ్గర వరస మాత్రం అలాగే ఉంది. ఇంతవరకు చెప్పి, అలిసిపోయినట్టు ఆగి, ఇప్పుడున్న సైటు ఎవరు రాశారని అడిగారు.

సింహాచలం గారు రాశారని లోహిత్ చెప్పాడు. సింహాచలం గారికి యాభై దాటాయి. గాజువాకలో ఇంటర్నెట్ సెంటరు నడుపుతూ, గిరాకీ లేని మధ్యాహ్నాల్లో పీహెచ్‌పీ సొంతంగా నేర్చుకున్న మనిషి. సౌగంధిక వాళ్లకు ఒక్క హాలే ఉన్న రోజుల్లో ఆ సైటు మొదలుపెట్టి, హాలుకు హాలు కలుపుకుంటూ ఇంతదాకా లాక్కొచ్చాడు. లోహిత్ కంపెనీలో చేరిన కొత్తలో పని నేర్పింది కూడా ఆయనే. కొత్త భాష వస్తే ఆయన ఏం చేస్తాడని మాస్టారు అడిగారు. లోహిత్ లాప్‌టాప్ మూత సగం దించాడు. కొత్తదానికి కొత్తవాళ్లను తీసుకుంటారని, ఆయన్ని ఉంచరని, ఆ మాట యజమాని తనతో అనేశాడని నెమ్మదిగా చెప్పాడు. పీహెచ్‌పీలోనే ఉందామంటే ఆయన ఉంటాడు. గో అంటే వెళ్లిపోతాడు. సోమవారం తాను రాయబోయే ఒక్క ముక్కలో ఆ రెండూ ఉన్నాయి.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని, గురువారం సెలవు దొరుకుతుందా అని అడిగారు. ఆ గురువారమే సౌగంధికలో శ్రావణ మాసం ముహూర్తాలకు బుకింగ్ తెరుస్తారు. ఆ వేళ సైటుకు కాపలా సింహాచలం గారిది కనుక తనకు వీలవుతుందన్నాడు లోహిత్. కంప్యూటర్లు తేవద్దని, మద్దిలపాలెంలో ఉన్న వాళ్ల పెద్ద హాలు ఆఫీసుకు మధ్యాహ్నం రమ్మని మాస్టారు చెప్పారు. నన్నూ రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు.

గురువారం ఎండ నిప్పులు చెరుగుతోంది. హాలు ముందు తోటలో మొక్కలు కూడా తలలు వేలాడేశాయి. ఆఫీసు గదిలో ఏసీ ఉంది కాని, అంతమంది మధ్య అది చల్లబరుస్తున్నది దాని కింద కూర్చున్నవాళ్లను మాత్రమే. సోఫాలు నిండిపోయి జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. అందరి చేతుల్లో ఫోన్లు, అన్ని ఫోన్లలో ఒకటే సైటు. ఇంట్లోనుంచి చేసుకోగలిగిన పనికి ఇంతమంది ఇక్కడికెందుకొచ్చారని లోహిత్ మేనేజరును అడిగాడు. మేనేజరు పేరు బంగార్రాజు. పెళ్లి మాట ఇంట్లో కూర్చుని ఖాయం చేసుకునేది కాదండీ, హాలు ముందు నిలబడి నొక్కితే నమ్మకం అన్నాడు. బుకింగ్ పొద్దున్నే తెరవచ్చు కదా అంటే, రాహుకాలం మూడింటికి గాని వదలదని, యజమానురాలు దమయంతమ్మ గారు అంతకుముందు తెరవనివ్వరని చెప్పాడు. ముందు తెరిచినా ఎవరూ నొక్కరు. వదిలిన మరు క్షణం అందరూ నొక్కుతారు.

మా పక్కన ఒక కుటుంబం కూర్చుంది. తండ్రి దాలినాయుడు, పోర్టులో క్రేను నడుపుతాడు. భార్య పైడితల్లి. ఆమె తమ్ముడు సత్తిబాబు. మాస్టారు ఒక్క ప్రశ్న వేస్తే చాలు, వాళ్ల సంగతంతా వాళ్లే చెప్పుకొచ్చారు. రెండో అమ్మాయి పెళ్లి. పెళ్లికొడుకు ఓడ మీద పని చేస్తాడు. శ్రావణం దాటాక ఓడెక్కాలి, మళ్లీ ఎప్పుడు దిగుతాడో తెలీదు. శ్రావణంలో ఆదివారం పడిన ముహూర్తం ఒకటే. ఎనిమిది వందలమంది పట్టే హాలు ఉండాలని మగపెళ్లివారి మాట. అలాంటివి వీళ్లకు అందుబాటులో రెండే. ఒకటి ఇది. రెండోది ఎన్‌ఏడీ జంక్షన్ దగ్గర ఉంది, అక్కడ వెబ్‌సైటు లేదు, మేనేజరే చూసుకుంటాడు. ఇంకొకరు కూడా అడుగుతున్నారనీ, మూడు దాటాక ఫోన్ చేస్తాననీ, అప్పుడే అవునో కాదో చెప్పెయ్యాలనీ అతను అన్నాడట. అక్కడి కన్నా ఇక్కడ మెట్లు వెడల్పనీ, ముసలివాళ్లకు బాగుంటుందనీ పైడితల్లి మనసు ఈ హాలు మీద ఉంది.

మూడు దగ్గరపడుతున్నకొద్దీ వాళ్లలో మాటలు పెరిగాయి.

"బావా, నువ్వు నొక్కకు. మొన్న నువ్వు గ్యాసు బుక్ చేస్తే పక్కింటికెళ్లింది" అన్నాడు సత్తిబాబు.

"నీ చెయ్యి మంచిదేటి మరి? నువ్వు కొన్న బండి నెల తిరక్కుండా షెడ్డుకెక్కింది."

"ఇద్దరూ నొక్కండి. నోర్లు మాత్రం మూసీండి" అంది పైడితల్లి.

నొక్కేది వాళ్లిద్దరే కాదు. అనకాపల్లిలో ఆడపడుచు, హైదరాబాదులో ఆమె కొడుకులు, ఖరగ్‌పూర్‌లో రైల్వే బాబాయి, పెళ్లికూతురు ఆఫీసులో ఆమె స్నేహితురాళ్లు, అందరికీ సైటు పేరు పంపారు. ఎవరిది ముందు తగిలితే వాళ్లది. ఆ వరసలు వింటుంటే నా తలలో లెక్క దానంతటదే సాగింది. ఒక్కో పెళ్లికి పదీ పదిహేను ఫోన్లు. సైటు తెరుచుకోకుండా ఫోన్‌లో చక్రం తిరగడం మొదలైతే ఒక్కొక్కరూ ఎన్నిసార్లు నొక్కుతారో చెప్పలేం. లోహిత్ పట్టికలో వేలమంది అని రాసుకున్న గుంపు, నాకు తోచినంతలో అరవై డెబ్భై పెళ్లిళ్లకు మించదు. ఆ మాట మెల్లిగా లోహిత్‌తో అన్నాను. అతను నమ్మనట్టు చూసి, సర్వరు రికార్డుల్లోంచి తీసిన అంకె అది, తప్పెలా అవుతుందన్నాడు.

మాస్టారు అటు తిరగకుండానే, "పెళ్లంటే ఇంటిల్లిపాదీ కదులుతారని నీ సర్వరుకి ఎవరూ చెప్పలేదు" అన్నారు.

మూడైంది. పైడితల్లి కళ్లు మూసుకుంది. దాలినాయుడు నొక్కాడు, సత్తిబాబు నొక్కాడు. రెండు ఫోన్లలోనూ చిన్న చక్రం తిరగడం మొదలైంది. చుట్టూ అన్ని ఫోన్లలో అదే చక్రం. కాసేపటికి తమది తిరుగుతోందని అనకాపల్లి నుంచి కబురొచ్చింది. తమదీ తిరుగుతోందన్నారు హైదరాబాదు వాళ్లు. తిరుగుతోందంటే లోపల పని జరుగుతోందనే అర్థం అని సత్తిబాబు అందరికీ ధైర్యం చెప్పాడు. గోడ దగ్గర నిలబడ్డ ఒకాయన ఆగలేక మళ్లీ నొక్కాడు. ఆయన్ని చూసి పక్కవాళ్లు నొక్కారు.

లోహిత్ తన ఫోన్ తీశాడు. బుకింగులు ఎలా సాగుతున్నాయో కంపెనీవాళ్లకు కనబడే పేజీ అందులో ఉంది. చూసి, వెంటనే ఫోన్ బోర్లా పెట్టాడు. మాస్టారు గమనించారు. అయిపోయిందా అని పెదవులు కదిపి అడిగారు. లోహిత్ తలూపాడు. పెద్ద హాలు ఆ ఆదివారానికి మొదటి నిమిషంలోనే వెళ్లిపోయింది. ఈ గదిలో లేని ఎవరికో దక్కింది. మరి వీళ్ల ఫోన్లలో ఇంకా ఏం తిరుగుతోందని నేనడిగితే, లోహిత్ గొంతు తగ్గించి చెప్పాడు. సింహాచలం గారు రాసిన పద్ధతిలో నొక్కినవాళ్లందరినీ ఒకే వరసలో నిలబెడతారు. ఎవరికైనా సరే, తలుపు దాకా వచ్చాకే ఉందో లేదో తెలుస్తుంది. మధ్యలో మళ్లీ నొక్కినవాడు వరస చివరికి పోతాడు. ఒక్క హాలున్న రోజుల్లో రాసిన పద్ధతి అది, అప్పుడు వరసంటే నలుగురే. మరి నువ్వు నాలుగు భాషల్లో రాసిన దాంట్లో ఎలా ఉందని అడిగాను. అందులోనూ అదే వరస. పోలిక సరిగ్గా రావాలి కనుక పద్ధతి మార్చలేదన్నాడు. గోలో అయితే వరస త్వరగా కదులుతుందని కూడా అన్నాడు. అది నిజమే.

దాలినాయుడి ఫోన్ మోగింది. తిరుగుతున్న చక్రం మీద ఎన్‌ఏడీ హాలు మేనేజరు పేరు పడింది. దాలినాయుడు ఎత్తబోయాడు.

"ఎత్తకు బావా. ఎత్తితే ఇది పోద్ది" అన్నాడు సత్తిబాబు.

దాలినాయుడు ఫోన్ కట్ చేశాడు. చక్రం తిరుగుతూనే ఉంది. మళ్లీ మోగింది. ఈసారి పైడితల్లి వైపు చూశాడు. ఆమె కాస్త ఆలోచించి వద్దన్నట్టు చెయ్యి ఊపింది. మళ్లీ కట్ చేశాడు. మాస్టారు లేచి బంగార్రాజు బల్ల దగ్గరికి వెళ్లారు. ఆదివారం వెళ్లిపోయిన సంగతి మీకు తెలుసా అని అడిగారు. అతని ముందున్న తెరలో ఆ తేదీ ఎర్రబడి ఉండటం నాకే కనబడుతోంది. బంగార్రాజు గది వైపు ఒకసారి చూసి, తల వంచుకుని అన్నాడు.

"సిస్టమ్ చెప్పాలండి. మేం చెప్పకూడదు."

ఎందుకు చెప్పకూడదో కూడా చెప్పాడు. ఒకసారి హాలు అయిపోయిందని తొందరపడి చెప్పాడట. ముందు పట్టుకున్నవాళ్ల చెల్లింపు ఆగిపోయి హాలు మళ్లీ ఖాళీ అయింది. అప్పటికే వెళ్లిపోయినవాళ్లు తిరిగొచ్చి దమయంతమ్మ గారి ముందు గొడవ చేశారు. ఆనాటినుంచి ఆ మాట సిస్టమ్ నోటినుంచే రావాలని ఆజ్ఞ. అతని మాట సబబుగానే ఉంది. ఆ గదిలో సబబు కాని మాట ఎవరూ మాట్లాడలేదు.

మాస్టారు తిరిగొచ్చి కూర్చుని, లోహిత్‌తో, నీకూ తెలుసు కదా అన్నారు. లోహిత్ లేచి నిలబడ్డాడు. దాలినాయుడు తలెత్తి, ఏం బాబూ అన్నట్టు చూశాడు. లోహిత్ మంచినీళ్ల వైపు నడిచి, ఒక గ్లాసు తాగి, వచ్చి కూర్చున్నాడు. అధికారికంగా రాని మాట తానెలా చెప్తానని మాస్టారి చెవిలో అన్నాడు. మాస్టారు మళ్లీ అడగలేదు. తానూ వాళ్లకు చెప్పలేదు. ఆయన ఎందుకు చెప్పలేదో నాకు అప్పుడు అర్థం కాలేదు, కోపం కూడా వచ్చింది. నేనైనా చెప్పవచ్చు. బంగార్రాజు చెప్పిన కారణం నాకు కూడా పనికొచ్చింది.

ఎంతసేపు గడిచిందో. ఏసీ కింద ఉన్నవాళ్లకూ చెమటలు పట్టాయి. ఒక ముసలాయన సోఫాలోనే నిద్రపోయాడు, ఫోన్ మాత్రం వదల్లేదు. గోడ దగ్గరనుంచి మొదట ఒక నిట్టూర్పు వినిపించింది, తర్వాత ఇంకొకటి. ఒక్కొక్కరూ తలుపు దాకా చేరుతున్నారన్నమాట. చివరికి దాలినాయుడి ఫోన్‌లో చక్రం ఆగింది. ఈ తేదీ అందుబాటులో లేదు, మరొకటి ప్రయత్నించండి అని వచ్చింది. ఆయన అది రెండుసార్లు చదివి, పైడితల్లికి చూపించి, ఎన్‌ఏడీ హాలుకు ఫోన్ చేశాడు. అవతలి మాట మాకు వినబడలేదు. ఇతను మాత్రం, అవునండి, అవునండి, చూశానండి, ఎత్తలేకపోయానండి అన్నాడు. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. అది కూడా పోయింది. రెండుసార్లు చేసి, ఎత్తకపోయేసరికి రెండోవాళ్లకు ఇచ్చేశారు.

ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. బంగార్రాజు దగ్గరికొచ్చి, అదే మాసంలో బుధవారం ఒక ముహూర్తానికి చిన్న హాలు ఉందని, ఇప్పుడే రాసుకుంటానని మర్యాదగా అన్నాడు. బుధవారం పెళ్లికి ఉద్యోగాల వాళ్లు ఎవరొస్తారని పైడితల్లి అడిగింది. ప్రశ్నలాగా అడగలేదు. ఖరగ్‌పూర్ బాబాయికి ఏమని చెప్పాలో, మగపెళ్లివారికి ఎవరు చెప్పాలో అనుకుంటూ, అక్కచెల్లెళ్ల పేర్లు తలుచుకుంటూ లేచింది. దాలినాయుడు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటూ వెనక్కి తిరిగాడు. ఆ మాట బంగార్రాజుతోనే అన్నా, అక్కడున్న మా అందరికీ వినబడింది.

"ముందే లేదనీసుంటే ఇంకో చోటికి పోదుం కదా బాబూ."

మేం ముగ్గురం బస్సు స్టాపుకు నడిచాం. నీడ కోసం మాస్టారు ఒక మూసి ఉన్న దుకాణం అరుగు మీద కూర్చున్నారు. లోహిత్ దగ్గరికొచ్చి మాట్లాడటం మొదలుపెట్టాడు. హాలు వెళ్లిపోగానే వరసలో ఉన్నవాళ్లందరికీ ఒకేసారి లేదని చెప్పేయవచ్చని, కొద్దిగా మారిస్తే సరిపోతుందని, అది ఏ భాషలోనైనా వస్తుందని అన్నాడు. పీహెచ్‌పీలో కూడానా అని నేనడిగాను. పీహెచ్‌పీలో కూడా, ఒక పూట పని అన్నాడు. ఆ మాట చెప్పడం అతనికి ఇష్టం లేదని తెలుస్తూనే ఉంది. వారమంతా కష్టపడి వేసిన పట్టిక అది. అయినా రేపు ముప్పై హాళ్లంటున్నారు, ఎప్పటికైనా కొత్తగా రాయక తప్పదు, అప్పుడు గో మంచిదా జావా మంచిదా అని మళ్లీ మొదటికొచ్చాడు.

మాస్టారు కళ్లజోడు తీయలేదు. రెండూ మంచివేనన్నారు. జావా అయితే పనివాళ్లు సులువుగా దొరుకుతారు, గో అయితే తక్కువ మిషన్లతో నడుస్తుంది, ఏది రాసినా పదేళ్లు నిలుస్తుంది, తర్వాత ఇంకెవరో పట్టిక తెస్తారు. కొత్తగా రాయడం తప్పు కాదు, కంపెనీ అవసరం కంపెనీకి ఉంటుందన్నారు. అంత తేలిగ్గా జవాబు దొరుకుతుందని లోహిత్ అనుకోలేదు.

సింహాచలానికి తెలుసా అని అడిగారు మాస్టారు.

తెలీదన్నాడు లోహిత్. సోమవారం తాను రాసి ఇచ్చాక, కంపెనీలో ఆ పని చూసేవాళ్లు పద్ధతి ప్రకారం చెప్తారని, అధికారికంగా ఖాయం కానిది తాను చెప్పడం బాగుండదని అన్నాడు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగాడు. తన నోటి మాట తనకే ఎక్కడో విన్నట్టు అనిపించిందేమో. బస్సు ఒకటి వచ్చి, మాది కాదని మేం చెయ్యి ఊపకపోయేసరికి వెళ్లిపోయింది. అప్పుడు మిగతాది చెప్పాడు. పోయిన వారం సింహాచలం గారే తన బల్ల దగ్గరికి వచ్చారట. గాజువాకలో ఒక కాలేజీవాళ్లు కంప్యూటర్ ల్యాబు చూసుకోమని పిలుస్తున్నారు, ఇల్లు దగ్గర, వెళ్లమంటావా ఉండమంటావా బాబూ అని అడిగారట. కొత్తగా రాయబోతున్నారని అందరూ అనుకుంటున్నారు, నీకేమైనా తెలుసా అని కూడా అడిగారు.

నువ్వేమన్నావని మాస్టారు అడిగారు.

"చూద్దాం అన్నానండి."

సింహాచలం గారు ఆ మాటే పట్టుకుని ఉండిపోయి ఉంటారని, కాలేజీవాళ్లకు ఇంకా ఏమీ చెప్పలేదని లోహిత్ అన్నాడు. శనివారం దాకా చూస్తామన్నారట. ఆ తర్వాత ఇంకొకరిని పెట్టుకుంటారట. అది చెబుతున్నప్పుడు అతని చూపు మా మీద లేదు. హాలు వైపునుంచి జనం ఇద్దరిద్దరుగా, ఎండలో నడిచి వస్తున్నారు. వాళ్లలో దాలినాయుడి కుటుంబం లేదు, వాళ్లు ఆటోలో వెళ్లిపోయారు.

మాస్టారు అరుగు మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచారు. మా బస్సు వస్తోంది. చొక్కా వెనక అంటిన దుమ్ము దులుపుకుని, లోహిత్ వైపు చూసి అన్నారు.

"అయితే సింహాచలం ఫోను ఇంకా మోగుతూనే ఉందన్నమాట."